గడ్డి గోడకు నీళ్ళే పరీక్ష

వానలు వెనకబడ్డాక గడ్డివాము లాగిన వాళ్ళకు ఈ సంగతి తెలుసు. పైన బెత్తెడు మందాన గడ్డి నల్లబడి, బూజు పట్టి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకాస్త లోపలికి చెయ్యి పెడితే నిన్న నూర్చినట్టు పచ్చగా, పొడిగా గడ్డి తగులుతుంది. నాలుగు నెలల వాన ఆ వాము మీదే కురిసింది. పైగడ్డీ లోపలి గడ్డీ ఒకే చేలో పండినవే, ఒకే రోజు కోసినవే. నీళ్ళు నిలిచిన చోట గడ్డి కుళ్ళింది, నిలవని చోట కుళ్ళలేదు. అడుగున రాళ్ళో కర్రలో పరిచి, నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా, పరకలన్నీ బయటికి వాలేలా వాము వేసే నేర్పంతా నీటిని సాగనంపడం కోసమే.

ఈ అధ్యాయం గడ్డితో గోడ కట్టుకోవడం గురించి. యంత్రంతో అదిమి తాడుతో బిగించిన గడ్డికట్టలను ఇటుకల వరసలా పేర్చి, రెండు వైపులా మట్టి మెత్తి, పైన కప్పు వేసి ఒక గది లేపుకోవచ్చు. బొమ్మలు వేసుకోవడానికో, సంగీతం సాధన చేసుకోవడానికో, తలుపేసుకుని రాసుకోవడానికో సరిపోయే చిన్న స్టూడియో. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు నిప్పు గురించి అడుగుతారు, ఎలుకల గురించి అడుగుతారు, కప్పు బరువుకు గోడ కుంగదా అని అడుగుతారు. అడగాల్సినవే. కానీ ఇలాంటి గది పది కాలాలు ఉంటుందా, పదేళ్ళకే కుళ్ళి కూలుతుందా అన్నది తేల్చేది నీళ్ళే. మిగతా వాటికి జవాబులు చెప్పుకుని అసలు సంగతికి వద్దాం.

ఇది నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం పడమటి భాగాన శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల నేల ఉంది. అక్కడ కలపకు చెట్లు లేవు. చుట్టుపక్కల మైదానాల్లో వలస రైతులు వేళ్ళతో సహా నేలను చెక్కలుగా కోసి ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. ఈ ఇసుక నేల అలా నిలిచేది కాదు. పుష్కలంగా ఉన్నది పచ్చిక ఒక్కటే. గడ్డిని పెట్టెలో అదిమి కట్టలు కట్టే యంత్రాలు 19వ శతాబ్దం చివరికి అక్కడికి చేరాయి, వాటిని గుర్రాలు తిప్పేవి. 1904లో వచ్చిన కింకెయిడ్ చట్టం ఆ ప్రాంతంలో కుటుంబానికి 640 ఎకరాల చొప్పున ఇవ్వడంతో మనుషులు ఇంకా పెరిగారు. కట్టలు పేర్చి గోడలు కట్టడం అవసరం కొద్దీ మొదలైంది. రికార్డుల్లో కనిపించే మొదటి కట్టడం 1896–97 ప్రాంతంలో లేచిన ఒక బడి. దానికి పూత లేదు, చుట్టూ కంచె లేదు. 1902 నాటికి పశువులు దాన్ని తినేశాయని రాశారు. ఆ తర్వాతి వాళ్ళు పూత మానలేదు. ఆర్థర్ అనే చిన్న ఊళ్ళో 1928లో రై పంట గడ్డికట్టలతో కట్టిన పిల్‌గ్రిమ్ హోలీనెస్ చర్చి ఈనాటికీ ఉంది. ఫ్రాన్స్‌లో మోంటార్జీ పట్టణంలో ఎమిల్ ఫెయెట్ అనే ఇంజనీరు 1920లో కట్టించిన ఇల్లూ ఉంది.

ఈ రెండు కట్టడాలూ రెండు దారులు చూపాయి. నెబ్రాస్కాలో కప్పు బరువును కట్టలే మోస్తాయి. ఫెయెట్ ఇంట్లో కర్ర చట్రం మోస్తుంది, కట్టలు మధ్యలో నింపుడు మాత్రమే. స్టూడియో కట్టుకునేవాళ్ళకు నేను రెండోదే చెబుతాను. కారణం మళ్ళీ నీళ్ళే: ముందు చట్రం నిలబెట్టి కప్పు వేసేస్తే ఆ నీడలో కట్టలు పేర్చుకోవచ్చు. కట్టలే మోసే పద్ధతిలో కప్పు చివర వస్తుంది. అప్పటిదాకా గోడలు ఆకాశం కింద ఉంటాయి, ఒక్క అకాలవర్షం చాలు. పైగా ఆ గోడలు కప్పు బరువుకు కొంత అణుగుతాయి. పట్టీలతో బిగించి ముందే అణచాలి, లేదా కొన్ని వారాలు ఆగి పూత పూయాలి.

బరువు మాట వచ్చింది కాబట్టి భూకంపం సంగతి కూడా. 2005 కశ్మీర్ భూకంపం తర్వాత పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలో పక్స్‌బాబ్ అనే సంస్థ పేదవాళ్ళకు గడ్డికట్టల ఇళ్ళు కట్టే పద్ధతి తయారుచేసింది. అక్కడ బేలర్ యంత్రాలు లేవు. పెట్టెలో గడ్డి వేసి జాకీతో అదిమి కట్టలు చేశారు, గోడల మీద నైలాన్ వల కప్పి మట్టి మెత్తారు. 2009లో నెవాడా విశ్వవిద్యాలయంలో అలాంటి 14 అడుగుల చదరపు ఇంటిని కంపనాల బల్ల మీద నిజం కొలతల్లోనే కట్టి ఊపారు. గురుత్వ త్వరణంలో 0.82 వంతు దాకా ఊపినా ఇల్లు దెబ్బలు తిన్నది గానీ కూలలేదు. గోడ తేలికగా ఉంటే దాన్ని ఊపే బలమూ తక్కువ. గడ్డి సాగుతుంది, వంగుతుంది, ఇటుకలా ఒక్కసారిగా విరగదు.

ఇక నిప్పు. ఎండాకాలంలో ఒక ఇంటికి అంటుకున్న మంట పూరిళ్ళ వాడంతా బూడిద చేసిన కథలు మన పల్లెల్లో ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. అయితే పూరికప్పులో గడ్డి వదులుగా ఉంటుంది, ప్రతి పరకకూ గాలి తగులుతుంది. కట్టలో అదే గడ్డి ఘనపు మీటరుకు వంద కిలోలకు పైగా బిగిసి ఉంటుంది. మంట తగిలితే పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గు లోపలికి వేడినీ గాలినీ ఆపుతుంది. దాని మీద అంగుళం పూత కూడా ఉంటే మంటకు గడ్డి అందనే అందదు. 2006లో అమెరికాలో ఇలాంటి గోడలను ప్రామాణిక కొలిమి ముందు నిలబెట్టారు. ఆ కొలిమి గంటకల్లా 925 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మట్టిపూత గోడ గంట పరీక్ష నెగ్గింది, సున్నం సిమెంటు కలిపి పూసిన గోడ రెండు గంటల పరీక్ష నెగ్గింది. 2015లో అక్కడి నివాస గృహాల నిర్మాణ నియమావళిలో గడ్డికట్టల గోడలకు ఒక అనుబంధమే చేరింది.

ప్రమాదమంతా పూత పడక ముందే. కట్టలు కోసినప్పుడు రాలిన వదులు గడ్డి నేలంతా పరుచుకుంటుంది. ఒక వెల్డింగ్ రవ్వ, ఒక బీడీ ముక్క చాలు. వెల్డింగ్ ఏదున్నా గడ్డి రాకముందే ముగించాలి, రోజూ సాయంత్రం రాలిన గడ్డి ఊడ్చి దూరంగా వేయాలి, కరెంటు తీగలు గొట్టాల్లోంచే పోవాలి. ఈ మూడింటిలో దేనికీ మినహాయింపు లేదు.

వేడి విషయంలో గడ్డి చేసే మేలు చాలా పెద్దది. పరక లోపల బోలు, పరకల మధ్య సందులు. ఎక్కడికక్కడ కదలని గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలి వేడిని దాదాపు మోయదు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో 1998లో 19 అంగుళాల పూత గోడను కొలిచారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు సుమారు 0.2 వాట్ల వేడి మాత్రమే దాటింది. మన తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో అది దాదాపు 2 వాట్లు. మే నెల మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడ వెలుపలి ముఖం గదికన్నా 20 డిగ్రీలు ఎక్కువ కాగిందనుకోండి. పన్నెండడుగుల గోడ ఇటుకదైతే 350 వాట్ల పైచిలుకు వేడిని లోపలికి తోస్తుంది, గడ్డిదైతే నలభై వాట్ల లోపే.

అదే ప్రయోగశాలలో 1996లో జరిగిన పరీక్షలో మాత్రం గడ్డి గోడ ఇంత బాగా నెగ్గలేదు. ఆ గోడకు లోపలివైపు పూత బదులు జిప్సమ్ పలకలు బిగించారు. పలకకూ గడ్డికీ మధ్య సందులు మిగిలాయి. ఆ సందుల్లో గాలి పైకీ కిందికీ తిరుగుతూ వేడిని మోసుకుపోయింది. పూత గడ్డిలోకి దిగి పట్టుకోవాలి, కట్టకూ కట్టకూ మధ్య ప్రతి సందునూ వదులు గడ్డితో కూరాలి అన్న నియమం వెనక ఉన్న కొలత అది.

అయితే ఒక హెచ్చరిక. మన ఎండకు గదిని కాల్చేది ముందు కప్పు. గోడలు గడ్డికట్టలతో కట్టి పైన సిమెంటు రేకులు పరిస్తే పడ్డ శ్రమంతా వృథా. గోడకు పెట్టినంత శ్రద్ధ కప్పు కింద పరిచే పొరకూ పెట్టే ఉద్దేశం లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడం మేలు.

ఇప్పుడు నీళ్ళు. గడ్డిని కుళ్ళబెట్టేది బూజు, దానికి తోడు సూక్ష్మజీవులు. వాటికి గడ్డి తిండి, గాలి ఊపిరి. కానీ తడి లేకపోతే అవి కదలవు. పొడి గడ్డి కూడా పూర్తిగా పొడిది కాదు, గాలిలోని చెమ్మను పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. పూత వేసేనాటికి కట్ట బరువులో తేమ 20 శాతం మించకూడదని నియమం. అక్కడినుంచి పైకి పోయిన కొద్దీ బూజుకు దారి తెరుచుకుంటుంది. చుట్టూ గాలిలో తేమ 80 శాతానికి పైన వారాల తరబడి నిలిచినా అదే జరుగుతుంది.

కట్టలు కొనేటప్పుడు పొడవాటి ముల్లున్న తేమ మీటరు ఉంటే నడుమ దాకా గుచ్చి చూడాలి. లేకపోతే మనిషి చెయ్యి చాలావరకు చెబుతుంది. తాడు పక్కన వేళ్ళు దూర్చి కట్ట మధ్యకు పోనివ్వండి. వెచ్చగా తగిలితే లోపల సూక్ష్మజీవులు పని మొదలుపెట్టాయని అర్థం. తడి గడ్డి వాము వేస్తే ఆవిరి లేచేది, ఒక్కోసారి తనంతట తానే అంటుకునేదీ ఆ వేడివల్లే. చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కవాసన వస్తుందా? నల్ల మచ్చలున్నాయా? ఉంటే ఆ కట్ట పశువులకు కూడా వద్దు. తాడు కింద రెండు వేళ్ళు సులువుగా దూరిపోతే అది గోడకు పనికిరానంత వదులు. గింజలు మిగిలిన గడ్డి ఎలుకలను పిలుస్తుంది, అదీ చూసుకోవాలి. ఎలుకల ప్రశ్నకు జవాబు కూడా దాదాపు ఇంతే: గింజ లేని గడ్డి, ఎక్కడా సందు లేని పూత.

గోడలోకి నీళ్ళు రెండు రూపాల్లో వస్తాయి. ఒకటి కారే నీరు: వాన జల్లు, చూరు నీళ్ళు నేల మీద పడి చిందేది, పునాదిలోంచి పైకి పాకే చెమ్మ, కిటికీ గడప దగ్గర ఇంకేది. రెండోది కంటికి కనబడని ఆవిరి. కారే నీటిని రానివ్వకూడదు. ఆవిరిని ఆపకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మొదటిదాన్ని ఆపడానికి మనకు తోచే మందులన్నీ రెండోదాన్ని బంధిస్తాయి. చిక్కని సిమెంటు పూత, దాని మీద వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే గోడ భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండేళ్ళకు వెంట్రుకంత పగులు వస్తుంది. వాననీరు ఆ పగుల్లోంచి లోపలికి పోతుంది, తిరిగి వచ్చే దారి ఉండదు. బయటికి ఏమీ తెలియకుండానే లోపల గడ్డి నల్లబడుతుంది.

మట్టిపూత తీరు వేరు. జల్లు పడితే పైపొర కొంత తడి పీల్చి ఉబ్బి, లోపలికి పోయే దారిని తానే మూసుకుంటుంది. ఎండ రాగానే కొత్త కుండ చెమర్చినట్టు ఆ తడిని బయటికి వదిలేస్తుంది. గడ్డిని ఆనుకున్న మట్టి గడ్డిలోని చెమ్మను కూడా తనవైపు లాక్కుంటుంది. నాలుగు వైపులా వసారా దించుకునే చోటు ఉంటే మట్టిపూతకు మించింది లేదు. జల్లు నేరుగా కొట్టే ముఖానికి పైన సున్నం పూత చేర్చుకోవాలి. సున్నం గట్టిదీ, ఆవిరిని పోనిచ్చేదీ.

చలిదేశాల పుస్తకాలు చదివి కట్టేవాళ్ళు ఒక విషయంలో పొరపడే అవకాశం ఉంది. అక్కడ చలికాలంలో లోపలి వెచ్చని గాలిలోని ఆవిరి గోడగుండా బయటికి పోతుంది, కాబట్టి బయటి పూత ధారాళంగా ఉండాలంటారు. మన దగ్గర గదిలో ఏసీ పెట్టారంటే కథ తిరగబడుతుంది. బయటి ఉక్కపోత గాలిలోని ఆవిరి లోపలికి ప్రయాణిస్తుంది. లోపలి గోడకు నున్నగా ఉంటుందని ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ ఆవిరి చల్లని పూత వెనకాల చేరి నీరవుతుంది. లోపల కూడా మట్టి, సున్నపు వెల్ల మాత్రమే వేయాలి. ఈ లెక్కనే నేను గడ్డి గోడను రాయలసీమకూ తెలంగాణ మెట్ట ప్రాంతాలకూ చెబుతాను గానీ, నెలల తరబడి గాలి చెమ్మగా ఉండి తుఫాను జల్లు అడ్డంగా కొట్టే కోనసీమకు చెప్పను.

ఇప్పుడు ఒక గది లెక్క వేద్దాం. లోపల 12 అడుగులు, 16 అడుగులు. కట్ట పొడవు 3 అడుగులు, వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 14 అంగుళాలు అనుకుంటే వరసకు సుమారు 21 కట్టలు, ఏడు వరసలకు ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తు. తలుపు, రెండు కిటికీలు తీసేస్తే 130 కట్టలు, చెడ్డవి తీసేయడానికి ఇంకో పదిహేను. కట్ట 15, 16 కిలోలు తూగాలి. అంతకన్నా తేలికైతే బిగువు చాలదు. మొత్తం రెండు టన్నులు, అంటే ఎకరం, ఎకరన్నర వరిచేలో మిగిలే గడ్డి. అది గాలిలోంచి తీసుకుని దాచుకున్న కార్బన్ డయాక్సైడ్ దాదాపు రెండున్నర టన్నులు. చేలో తగలబెడితే ఆ సాయంత్రానికే తిరిగి గాలిలో కలుస్తుంది, పొగ అదనం. కాలిఫోర్నియా శాక్రమెంటో లోయలో వరిగడ్డి కాల్చడాన్ని దశలవారీగా తగ్గించాలని 1991లో చట్టం తెచ్చారు. ఆ గడ్డికి దొరికిన దారుల్లో ఇళ్ళ గోడలు ఒకటి. కోత యంత్రం వచ్చాక మన పొలాల్లోనూ గడ్డికి నిప్పుపెట్టడం మామూలైంది కనుక ఆ అనుభవం మనకూ పనికొస్తుంది. అయితే మన దగ్గర ఎక్కువగా తిరిగే బేలర్లు గుండ్రని చుట్టలు చుడతాయి, అవి గోడకు పనికిరావు. పలకల కట్టలు కట్టే యంత్రమున్న వాళ్ళను వెతుక్కోవాలి.

అదే లెక్కలో ఒక నష్టమూ ఉంది. బయటి కొలత 15 అడుగులు, 19 అడుగులు అవుతుంది. 285 చదరపు అడుగుల్లో 93 గోడలే తినేస్తాయి. తొమ్మిది అంగుళాల ఇటుకైతే అందులో సగం కూడా తినదు. నూట యాభై గజాల జాగాలో ఇది కుదరని పని. తోటలోనో, పొలం గట్టునో, విశాలమైన పెరట్లోనో మాత్రమే ఆలోచించాలి. కట్టను నిలువు అంచు మీద పేరిస్తే గోడ 14 అంగుళాలకు తగ్గుతుంది. వేడిని ఆపడంలో తేడా పడదు, ఎందుకంటే అప్పుడు పరకలు వేడి పోయే దారికి అడ్డంగా ఉంటాయి. అంగుళానికి అంగుళం చూస్తే అలా పేర్చిన కట్టే మెరుగు.

పునాది రాయితో, నేలకు రెండడుగుల ఎత్తున. దాని మీద రెండు కర్ర దూలాలు సమాంతరంగా పరిచి మధ్యలో కంకర నింపి, ఆ మీద మొదటి వరస. ఎప్పుడైనా నేలమీద నీళ్ళు నిలిచినా గడ్డి మడుగులో కూర్చోదు. చెదల సంగతి నెబ్రాస్కా వాళ్ళకన్నా మనకే ఎక్కువ పట్టాలి. రాతి మీద పలుచని కాంక్రీటు పట్టీ, దానిమీద ఇరువైపులా అంచులు కిందికి వంచిన రేకు వేస్తే, చెదలు పైకి రావాలంటే ఆ అంచు చుట్టూ మట్టి గొట్టం కట్టుకుంటూ కనబడేలా రావాలి. నెలకోసారి చుట్టూ తిరిగి చూసి రాల్చేయాలి. పునాదికి ఆనించి పూలమొక్కలు పెట్టకండి; వాటికి పోసే నీళ్ళు గోడకే పోసినట్టు.

కట్టలు పేర్చడం ఇద్దరు ముగ్గురికి కొద్ది రోజుల పని. కాలం తినేది పూత. నల్లరేగడి ఒక్కటే వాడితే ఆరాక నెర్రెలిస్తుంది. ఎర్రమట్టీ ఇసుకా కలిపి, అరచేతంత ముక్కలు గోడ మీద మెత్తి రెండు రోజులు ఆరనిచ్చి, పగలనిదాన్నే ఎంచుకోవాలి. మొదటి పొర జారుగా ఉండాలి, తాపీతో కాకుండా అరచేత్తో నొక్కుతూ పరకల మధ్యకు దిగేలా రుద్దాలి. రెండో పొరలో తరిగిన గడ్డి వేసి, కాళ్ళతో తొక్కి, రెండు మూడు రోజులు నానిన మట్టి. మూడోది నున్నటిది. కిటికీ కింద గడప రాయి బయటికి వాలుగా, గోడను దాటి రెండంగుళాలు పొడుచుకుని ఉండి, దాని అడుగు అంచున గాడి ఉండాలి. లేకపోతే నీరు రాయి అడుగునే వెనక్కి పాకి సరిగ్గా గడ్డిలోకి దిగుతుంది. గడ్డి గోడలు చాలావరకు పాడయ్యేది ఈ ఒక్క చోటే.

సంగీతం కోసం కట్టుకునేవాళ్ళకు ఒక మాట. రెండు బరువైన పూతల మధ్య మెత్తని గడ్డి ఉండటంతో ఒక పూత అదురు రెండోదానికి సరిగా చేరదు, గోడ శబ్దాన్ని బాగా ఆపుతుంది. కానీ తలుపు సందు, కిటికీ అద్దం, కప్పు అంత పని చేయవు. మృదంగం పక్కింటికి వినబడుతుంటే గోడను అనుమానించే ముందు తలుపు చూడండి.

మొదటి వానాకాలం తర్వాత గోడంతా అరచేత్తో తడిమి చూడాలి, ముఖ్యంగా గడపల కింద, మూలల్లో, చూరు తగ్గిన చోట. పగుళ్ళుంటే అదే మట్టితో పూడ్చి మళ్ళీ వెల్ల వేస్తే చాలు. ఎక్కడైనా పూత మెత్తబడి, వేలితో కొడితే బోలు శబ్దం వస్తే ఆలోచించకుండా అక్కడ కోయండి. ముందు నీళ్ళు వచ్చిన దారి కనిపెట్టి మూయాలి. నల్లబడ్డ గడ్డిని పొడి గడ్డి తగిలేదాకా లాగేసి, రెండు మూడు వారాలు తెరిచి ఆరనిచ్చి, కొత్త గడ్డి బిగువుగా కూరి, మొదటి పొర నుంచి మళ్ళీ మెత్తాలి. మొదట కట్టినప్పుడు మిగిలిన నాలుగు కట్టలనూ తట్టెడు ఎర్రమట్టినీ తడవని చోట దాచుకుంటే ఈ పనికి బయటినుంచి ఏమీ తెచ్చుకోనక్కర్లేదు.